బడిలో ఆయా పని: వైద్యమా, వెట్టా?

వికలాంగ పిల్లల చదువు గురించి మన దగ్గర రెండు రకాల రాతలు వస్తున్నాయి. ఒకటి జాలి రాత, ఇంకొకటి హక్కుల రాత. జాలి రాతతో మాకున్న పేచీ పాతదే. ఇక్కడ మేం హక్కుల రాతతో మాట్లాడదలుచుకున్నాం. ఎందుకంటే అది పిల్లని బడి గుమ్మం దాకా తీసుకొచ్చి అక్కడే ఆగిపోతోంది. గుమ్మం దాటాక ఆ పిల్లని ఎత్తుకొని బాత్రూంకి తీసుకుపోయేదెవరు? తడిసిన గుడ్డ మార్చేదెవరు? ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టేదెవరు? మూత్రం గొట్టం పెట్టేదెవరు? ఈ ప్రశ్నల దగ్గర హక్కుల రాత మౌనం వహిస్తుంది. ఆ మౌనంలో కులం ఉందని మా వాదన.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకొచ్చిన 2016 హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. పదహారో సెక్షన్ పిల్లల అవసరాన్ని బట్టి బడి సౌకర్యాలు కల్పించాలంటుంది. పదిహేడో సెక్షన్ సిబ్బందికి శిక్షణ ఇవ్వాలంటుంది. మంచిదే. కానీ అదే చట్టం రెండో సెక్షన్‌లో సంరక్షకులంటే ఎవరో చెబుతూ, డబ్బు తీసుకొని గానీ తీసుకోకుండా గానీ సేవ చేసేవాళ్లు అని నిర్వచించింది. ఇంట్లో తల్లిని దృష్టిలో పెట్టుకొని రాసిన మాటే కావొచ్చు. ఊడిగం చేసిన కులాలకి మాత్రం 'డబ్బు లేకుండా' అనే మాట కొత్త కాదు. వెట్టి అంటే అదే గదా!

టీచర్ల విషయంలో లెక్క తేలింది. రజనీష్ కుమార్ పాండే కేసులో 2021లో సుప్రీంకోర్టు ప్రత్యేక ఉపాధ్యాయుల నిష్పత్తి ఖరారు చెయ్యమంది. 2022లో కేంద్రం ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకొకరు, ప్రాథమికోన్నత స్థాయిలో పదిహేనుమందికొకరు అని ప్రకటించింది. పాఠం చెప్పే మనిషికి లెక్క ఉంది. పిల్లని ఎత్తే మనిషికి ఆ లెక్క ఏది?

ఆయా జీతం ఏ పద్దు కింద వచ్చిందో చూస్తే ఆమెని ఏమనుకుంటున్నారో అర్థమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో అమ్మ ఒడి డబ్బులోంచి వెయ్యి రూపాయలు పట్టుకొని మరుగుదొడ్ల నిర్వహణ నిధి పెట్టారు. బడి ఆయాకి నెలకి 6,000 రూపాయలు ఆ నిధి నుంచే ఇచ్చారు. తెలంగాణ బళ్లలో ఈ పని చేసే మనిషిని కాగితాల మీద 'స్కావెంజర్' అని రాశారు. కోవిడ్ తర్వాత 2021లో బళ్లు తెరిచినప్పుడు వాళ్లని వెనక్కి తీసుకోలేదు. పని పంచాయతీలకీ మునిసిపాలిటీలకీ అప్పగించారు. 2024లో పిల్లల సంఖ్యని బట్టి నెలకి 3 వేల నుంచి 20 వేల దాకా బడికి నిర్వహణ గ్రాంటు ఇచ్చి, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల చేతిలో పెట్టారు. గ్రాంటు వచ్చింది గానీ పోస్టు రాలేదు. పిల్లకేమో 'దివ్యాంగ' అని పేరు పెట్టారు. ఆ పిల్లని శుభ్రం చేసే చేతిని మాత్రం పాయిఖానా పద్దులో రాశారు. బ్రాహ్మణీయ భావజాలం అంటే శ్లోకాల్లోనే వెతకనక్కర్లేదు, పద్దు పుస్తకంలోనూ దొరుకుతుంది.

ఇప్పుడు పని సంగతి. స్పైనా బిఫిడాతో పుట్టిన పిల్లని తీసుకోండి. తల్లి కడుపులోనే వెన్నుపూస సరిగా మూసుకోదు. మూత్రాశయానికి పోయే నరాలు దెబ్బతింటాయి. మూత్రం పూర్తిగా బయటికి రాదు, నిలవ ఉండి చీము పట్టి, మూత్రపిండాలకే చేటు తెస్తుంది. అందుకే మూడు నాలుగు గంటలకొకసారి సన్నటి గొట్టం పెట్టి తీయాలి. దీనికి ఆపరేషన్ థియేటర్ అంత శుద్ధి అక్కర్లేదు, చేతులు బాగా కడుక్కుంటే చాలని అమెరికాలో లాపిడెస్ అనే డాక్టరు 1972లో చూపించాడు. దాంతో ఈ పని ఆస్పత్రి దాటి ఇంటికీ, బడికీ వచ్చింది.

సులువుగా నేర్చుకోగలిగిన పనే. కానీ నేర్పాలి. ఈ పిల్లల్లో చాలామందికి రబ్బరు పడదు. మామూలు రబ్బరు తొడుగులు వేసుకొని ముట్టుకుంటే ఒళ్లు దద్దుర్లెక్కొచ్చు, ఊపిరే ఆడకపోవచ్చు. ఆయాకి తొడుగులిచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదని ఈ ఒక్క విషయమే చెబుతుంది. పిల్ల కాస్త ఎదిగాక తన గొట్టం తనే పెట్టుకోవచ్చు. అది నేర్పేది కూడా దగ్గరుండే మనిషే. ఇది విద్య. దీన్ని కడుగుడు పనిగా చూడటం అజ్ఞానం.

మాదాపూర్‌కొద్దాం. 1998 నవంబరు 22న అక్కడ సైబర్ టవర్స్ తెరిచారు. అప్పట్నించి ఆ అద్దాల మేడల్ని తుడిచే ఆడవాళ్లు చంద్రానాయక్ తండా, గుట్టల బేగంపేట లాంటి బస్తీల నుంచి పనికి పోతున్నారు. ఎక్కువ ఫీజు కట్టే బళ్లలో సిక్ రూమ్, నర్సు ఉంటారు. పిల్ల పక్కన కూర్చోడానికి తల్లిదండ్రులు విడిగా మనిషిని పెట్టుకుంటారు. సర్కారు బడి పిల్లకి? తల్లిని మధ్యాహ్నం రమ్మంటారు. హౌస్‌కీపింగ్ షిఫ్టులో ఉన్న తల్లి పన్నెండింటికి బడికెట్లా వస్తుంది? వస్తే ఆ పూట కూలి పోతుంది. రాకుంటే పిల్ల చదువు పోతుంది. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీల్ని లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకి పెట్టమంది. వీల్‌చైర్ ఇస్తే ఫొటో వస్తుంది. ఆ వీల్‌చైర్ తోసే మనిషికి ఏటేటా జీతమిస్తే రాదు.

ఇదే ఏడాది నుంచి, 2013 నుంచి, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బళ్లకొచ్చి పిల్లల్ని పరీక్షిస్తున్నాయి. వాళ్ల జాబితాలో మొదటి జబ్బు ఈ వెన్నుపూస లోపమే. కనిపెట్టడానికి బృందం ఉంది. రోజూ చూసుకోడానికి కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో ఏఎన్ఎం ఉంది. సాయంత్రం ఇంటికి పోయే మామూలు బడిలో లేదు.

ఒంటిని ముట్టుకునే పనిని నీచమనడం మన సమాజానికి అలవాటే. కాన్పు చేసిన మంత్రసానుల్లో మాల, మాదిగ, మంగలి, చాకలి ఆడవాళ్లే ఎక్కువ. బొడ్డు కోసినందుకు వాళ్లకి మైల అంటింది. అదే కాన్పు ఆస్పత్రికెక్కగానే శాస్త్రమైంది, పేరు డాక్టరుకెళ్లింది. పని మారలేదు, చేసే కులం మారింది. 1936లో అంబేద్కర్ చూపించిన శ్రామికుల విభజన ఇదే. బడి ఆయా దగ్గర అది ఇంకా అట్లాగే ఉంది.

అమెరికాలో ఈ గొడవ కోర్టుకెక్కింది. 1984లో టాట్రో కేసులో అక్కడి సుప్రీంకోర్టు, ఈ గొట్టం పెట్టడం పిల్ల చదువుకి కావలసిన సేవే గనక బడే చెయ్యాలంది. 1999లో గారెట్ కేసులో వెంటిలేటర్ మీదున్న పిల్లాడికి రోజంతా నర్సింగ్ సేవ ఇమ్మంది. 2013లో కాలిఫోర్నియాలో నర్సుల సంఘం, బడిలో ఇన్సులిన్ సూది నర్సులే వెయ్యాలని వాదిస్తే, శిక్షణ పొందిన ఇతర సిబ్బంది వెయ్యొచ్చని రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లలు గెలిచారు. కానీ పని నర్సు నుంచి కింది మనిషికి జారితే దానితోబాటు జీతం కూడా జారుతుందా? ఆ ప్రశ్న మిగిలే ఉంది. మనం అక్కణ్ణించే మొదలుపెట్టాలి.

మనలో మనకి కూడా ఒక మాట ఉంది. 'మా ఆడవాళ్లు ఈ మలమూత్రాల పని ఎందుకు చెయ్యాలి?' అని మనవాళ్లు అడుగుతారు. ఆ కోపం న్యాయమైందే. కానీ పిల్ల ఒళ్లు పాయిఖానా కాదు. దొడ్లు ఎత్తే పనిని మేం పోగొట్టమంటాం, 2013 చట్టం దాన్ని నిషేధించింది కూడా. పిల్లని చూసుకునే పనిని పోగొట్టలేం, దానికి విలువ కట్టించాలి. దళిత కుటుంబంలో పుట్టిన వికలాంగ పిల్ల కూడా ఆ చేతి కోసమే ఎదురుచూస్తోందని మర్చిపోవద్దు. అట్లాగే వికలాంగుల ఉద్యమ మిత్రులు 'సహాయకులు కావాలి' అని రాసినప్పుడల్లా, ఆ సహాయకులు ఏ వాడ నుంచి వస్తారో, ఎంత జీతానికి వస్తారో కూడా రాయాలి.

మేం అడిగేవి పెద్దవేం కావు. ఈ పనికి మరుగుదొడ్ల పద్దు కాకుండా ఆరోగ్య సిబ్బంది పద్దు కావాలి. పోస్టు పేరులోంచి స్కావెంజర్ అనే మాట పోవాలి. నర్సు నేర్పి, చేయించి చూసి, చేయగలదని రాసివ్వాలి. ఏ పని ఆయా చెయ్యాలో, ఏది నర్సే చెయ్యాలో ప్రతి పిల్లకీ కాగితం మీద ఉండాలి. ఆయాకి హెపటైటిస్-బి టీకా, పిల్లకి పడే తొడుగులు, తలుపున్న గది ఇవ్వాలి. పొరపాటు జరిగితే మొదట ఆయా మెడ మీద కత్తి పెట్టే అలవాటు పోవాలి. బడి కమిటీల్లో ఉన్న టీచర్లు ఈ సంవత్సరం తీర్మానంలో ఆమె పని ఏమిటో వివరంగా రాయించడంతో మొదలుపెట్టొచ్చు. రాయని పనికి కూలి అడగలేమని వెట్టి చేసిన మన పెద్దలకి బాగా తెలుసు.