‘ఇఫ్ యు టెల్’: తల్లి రాక్షసి అయితే సరిపోతుందా?

ఈ రకం పుస్తకాలను చవకబారు సాహిత్యమని పక్కకు నెట్టెయ్యటం తేలిక. మనం నెట్టేసినంత మాత్రాన జనం వాటిని చదవటం మానరు. మన డిటెక్టివ్ నవలల్లో శవం కల్పితం. పాఠకుడి కుతూహలానికి అక్కడ ఎవరూ మూల్యం చెల్లించరు. అమెరికాలో ‘ట్రూ క్రైమ్’ అనే యథార్థ నేరగాథల్లో శవం నిజం. ఆ శవం ఉన్న ఇంట్లోనే అన్నం తిని బడికి పోయిన పిల్లలూ నిజం. వాళ్ళ బాధను రచయిత ఏ రూపంలో మన ముందు పెట్టాడన్నది విమర్శకుడు అడగవలసిన ప్రశ్నే.

గ్రెగ్ ఓల్సన్ ‘ఇఫ్ యు టెల్’ 2019లో వెలువడింది. ‘నువ్వు గనక చెప్తే’ అని దాని అర్థం. వాషింగ్టన్ రాష్ట్రంలో విల్లపా నది ఒడ్డున రేమండ్ అనే చిన్న ఊరు ఉంది. కలప మీద బతికిన ఊరు. అక్కడ షెల్లీ నోటెక్ అనే ఆవిడ, ఆమె భర్త డేవ్, ముగ్గురు కూతుళ్ళు ఉండేవారు. పిల్లల్ని చలిరాత్రి బురదలోకి నెట్టి గొట్టంతో చన్నీళ్ళు కొట్టటం ఆ ఇంట్లో శిక్ష. తర్వాత తర్వాత ఆ శిక్షలు ఆ ఇంట చేరిన పెద్దవాళ్ళ మీదికీ పాకాయి. స్నేహితురాలిగా వచ్చి చేరిన ఒక క్షురకవృత్తి చేసే స్త్రీ ఆ హింసలోనే 1994లో చనిపోయింది. షెల్లీ అన్నదమ్ముడి కొడుకు, ఆ ఇంట పెరుగుతున్న కుర్రవాణ్ణి 1995లో డేవ్ తుపాకీతో కాల్చాడు. 2003 వేసవిలో మరో మనిషి, ఒకప్పుడు సైన్యంలో పనిచేసినవాడు, చనిపోయాడు. ఆ ఏడు ఆగస్టులో భార్యాభర్తల్ని అరెస్టు చేశారు.

ఓల్సన్ కష్టపడి పనిచేశాడు. అక్కచెల్లెళ్ళు ముగ్గురూ పెద్దవాళ్ళయ్యాక చెప్పిందే ఈ పుస్తకానికి ఆధారం. పోలీసు అధికారి ఘనకార్యంగా నేరకథ చెప్పే పాత అలవాటును ఆయన వదిలిపెట్టాడు. పిల్లల చూపులోంచి చెప్పటం వల్ల హింస మనకు అబ్బురంగా కాక దినచర్యగా కనిపిస్తుంది. రేపు ఏం జరుగుతుందో తెలియదు గాని ఏదో జరుగుతుందని తెలుసు. ఆ తెలివిడితో నిద్రపోయే పిల్లల్ని ఇంత దగ్గరగా చూపించిన పుస్తకం అరుదు. ఇది ఆయనకు దక్కవలసిన గౌరవం.

అయితే సంఘటన మీద సంఘటన పేర్చుకుంటూ పోవటంలో ఒక ప్రమాదం ఉంది. అధ్యాయాలన్నీ పొట్టివి. ప్రతిదాని చివరా ఒక కొక్కెం. నూరు పేజీలు దాటేసరికి పాఠకుడు ‘ఎందుకు’ అని అడగటం మానేసి ‘తర్వాత ఏం చేసింది’ అని అడగటం మొదలుపెడతాడు. దానికి సమాధానంగా రచయిత దగ్గర ఒక్క షెల్లీయే ఉంది. ఆమె చిన్నతనం నుంచే అబద్ధాలాడేది, క్రూరంగా ఉండేది, పుట్టుకతోనే ఏదో లోపించినది అన్న ధ్వని పుస్తకమంతా వినిపిస్తుంది. రాక్షసి దొరికింది కనక ఊరు ఊపిరి పీల్చుకుంటుంది.

వ్యవస్థ అనే మాట అడ్డం పెట్టి షెల్లీని తప్పించమని నేను అనటం లేదు. చేసింది ఆమె. కాని చెయ్యటానికి ఆమెకు దొరికిన మనుషులెవరో చూడండి. పని పోయి, నిలువ నీడ వెతుక్కుంటున్న ఒక స్త్రీ. కన్నవాళ్ళ ఆసరా లేని కుర్రవాడు. వయసు మీదపడిన, ఎవరూ లేని మనిషి. వీళ్ళు జీతం లేకుండా ఇంటి చాకిరీ, పెరటి చాకిరీ చేశారు. భర్త దూరాన నిర్మాణపు పనికి పోయి వారాంతంలో అలసి ఇంటికి వచ్చేవాడు. ఈ వివరాలన్నీ ఓల్సన్ పుస్తకంలోనే ఉన్నాయి. ఆయన వాటిని వాతావరణ వర్ణనలా వాడుకుని వదిలేశాడు. బయట ఒక గది అద్దెకు తీసుకునే స్తోమత ఉన్నవాళ్ళెవరూ ఆ ఇంట్లో చనిపోలేదన్న సంగతి ఆయన కలానికి తగిలింది గాని ఆలోచనకు తగల్లేదు.

ఇంక తోబుట్టువుల మాట. పుస్తకానికి ఒక ఉపశీర్షిక ఉంది. అక్కచెల్లెళ్ళ తెగని బంధాన్ని గురించి. ఇది అమ్మకానికి పనికివచ్చే మాట. పుస్తకం చెప్పేది మాత్రం ఇంతకంటె కఠినమైన సత్యం. ఆ కుర్రవాడు మన వరసల్లో మేనమామ కొడుకు. ఆ ఇంట్లో మాత్రం తోడబుట్టినవాడిలానే పెరిగాడు. హింసపాలవుతున్న స్త్రీ ఫోటోలు అతని దగ్గర ఉన్నాయి. పోలీసులకు ఇస్తానని పెద్దకూతురికి చూపించాడు. ఆ పిల్ల భయంతో తల్లికి చెప్పింది. అతను చావటానికి అదే దారి తీసింది. ‘నువ్వు గనక చెప్తే’ అన్న బెదిరింపు ఎంత లోతుగా పనిచేస్తుందో చూపించే ఘట్టం ఇది. తల్లి నోరు మూయించటమే కాదు, ఏ నోరు ఎవరి దగ్గర విప్పాలో కూడా తానే నిర్ణయించింది. హింసించేవాళ్ళు తోబుట్టువుల్ని కలిపి ఉంచరు. ఒకరిని ఒకరికి కాపలా పెడతారు. తెగని బంధం ఉంటే, అది తెగగొట్టిన తర్వాత వాళ్ళు పెద్దయి మళ్ళీ కట్టుకున్నది.

ఈ విషయాన్ని ఇంకా నిర్దాక్షిణ్యంగా చెప్పిన పుస్తకాలు ఉన్నాయి. కాలిఫోర్నియాలో తల్లి చేతిలో తాను పడ్డ బాధల్ని డేవ్ పెల్జర్ 1995లో ‘ఎ చైల్డ్ కాల్డ్ ఇట్’ అని రాశాడు. 1973లో బడి పంతుళ్ళు కల్పించుకుని అతన్ని ఆ ఇంట్లోంచి తప్పించారు. పదేళ్ళ తర్వాత, 2005లో, తమ్ముడు రిచర్డ్ తన పుస్తకం రాశాడు. అన్న మీద చాడీలు చెప్పిన పిల్లవాణ్ణి నేనే అన్నాడు. అన్న వెళ్ళిపోయాక ఆ స్థానంలోకి తల్లి తనను లాగిందన్నాడు. ఒక పిల్లవాణ్ణి బయటికి తెచ్చి తలుపు మూసేస్తే లోపల మిగిలినవాళ్ళ గతి ఏమిటన్న ప్రశ్న అన్న పుస్తకం ఒక్కటే చదివితే పుట్టదు.

మళ్ళీ రేమండ్‌కు వద్దాం. ఓల్సన్ పుస్తకం నడక అంతా ‘పిల్లలు చెప్తారా, చెప్పరా’ అన్న ఉత్కంఠ మీద. చెప్పారు. పెద్దకూతురు, అమ్మమ్మ వరస అయ్యే ఆవిడ కలిసి 2001లోనే పోలీసుల దాకా విషయం తీసుకువెళ్ళారు. రెండేళ్ళు ఏమీ జరగలేదు. మూడో మనిషి చనిపోయింది ఆ రెండేళ్ళ చివరనే. పుస్తకం పేరు పిల్లల మీద పెట్టిన బరువును ఇక్కడ దించి, వినవలసినవాళ్ళ మీద పెట్టి ఉండవలసింది. ఓల్సన్ ఈ ఘట్టాన్ని దాచలేదు. దాని మీద నిలబడలేదు, అంతే. ఎందుకంటే నిలబడితే రాక్షసి ఒక్కతే సరిపోదు.

కోర్టులోనూ వినటం జరగలేదు. 2004లో షెల్లీ ‘ఆల్‌ఫర్డ్ ప్లీ’ అనే పద్ధతిలో శిక్షకు ఒప్పుకుంది. నేరం చేశానని ఒప్పుకోకుండా, సాక్ష్యం నన్ను దోషిగా నిలబెట్టటానికి చాలునని మాత్రం ఒప్పుకోవటం అది. 22 ఏళ్ళ శిక్ష పడింది. విచారణ జరగలేదు. కూతుళ్ళు బోనెక్కి చెప్పవలసిందంతా వాళ్ళ దగ్గరే మిగిలిపోయింది. ఆమె 2022 నవంబరులో విడుదలయింది. అంటే ఈ పుస్తకం ఆ అక్కచెల్లెళ్ళకు జరగని విచారణకు బదులుగా నిలిచింది. యథార్థ నేరగాథ అనే ప్రక్రియకు సమర్థన ఏదన్నా ఉంటే ఇదే. నేను దీన్ని చిన్న విషయంగా చూడను.

పుస్తకంలో అన్నిటికంటె బలమైన భాగం చివర వచ్చే చిన్నకూతురి కథ. అక్కలు ఇల్లు వదిలిపోయాక ఆ పిల్ల ఒక్కతే మిగిలింది. చెల్లెలి జోలికి తల్లి పోవటం లేదని అక్కలు నమ్మారు. అక్కలకు ఇవేమీ తెలియవని చెల్లెలు నమ్మింది. ఒకే ఇంట్లో పెరిగినవాళ్ళు 2003లో ఒకరికొకరు చెప్పుకునేదాకా, ఎవరి ఇల్లు వారికే వేరు. ఈ కొద్ది పేజీల్లో ఓల్సన్ తల్లిని పక్కన పెట్టేశాడు. కొక్కేలూ వెయ్యలేదు. ముగ్గురు స్త్రీలు, ఎవరికి ఏ ఏడు ఏం జరిగిందో పోల్చిచూసుకుంటూ మాట్లాడుకుంటున్నారు. అంతే.