పారితోషికము లేని వచనము

తెలుగులో స్వీయానుభవ వచనము స్వల్పమని వాపోవుట మన విమర్శకులకు పరిపాటి. కాని నేడు అంతర్జాలములో ఎవరూ అడుగకుండ, ఎవరూ డబ్బీయకుండ, కేవలము వ్రాయుటలోని సరదా కొరకు వ్రాసిన చిన్న రచనలు కోకొల్లలు. వీనిని మనము చదువుచున్నామా? చదివి, విమర్శకు పాత్రమైనవిగా ఎంచుచున్నామా?

వీనికి పూర్వులు లేకపోలేదు. పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి 'సాక్షి' వ్యాసములకు 1711లో లండనునందు ఎడిసన్, స్టీల్ ప్రారంభించిన 'స్పెక్టేటర్' ఒరవడి. కాని సాక్షిలో గొంతెత్తి ఉపన్యసించునది జంఘాలశాస్త్రి. పానుగంటివారు తెర వెనుకనే ఉందురు. పైగా సంఘమును దిద్దవలెనను పని ఆ వ్యాసముల నెత్తిన ఉన్నది. చలంగారి 'మ్యూజింగ్స్'కు వచ్చుసరికి తెర తొలగినది, ఆ పనియు లేదు. ఊహ నడచినంత దూరము వాక్యము నడచును; ఊహ నిలిచిన చోట నిలుచును. నేటి చిన్న రచనలకు ఆప్తబంధువు చలమేయని నా తలపు.

ఢిల్లీలో నేనెరిగిన ఆర్.కె. పురము కేంద్రప్రభుత్వోద్యోగుల క్వార్టర్లకు పేరుపడిన పేట. ఇచ్చట తెలుగు కచేరీకి అక్కరలేదు, బజారుకు అక్కరలేదు. అట్టి భాషలో ఒక ఉద్యోగి రాత్రి భోజనమైన పిదప పది వాక్యములు వ్రాసికొనుట లాభనష్టముల లెక్కకు అందదు. కేంద్రోద్యోగుల 1964 నాటి ప్రవర్తన నియమావళి సైతము, కొలువుకు భంగము రానంతవరకు, అప్పుడప్పుడు చేయు సాహిత్యరచనకు ముందనుమతి కోరదు. సర్కారువారికున్న ఈపాటి ఔదార్యము విమర్శకులకు లేకపోవుట వింతయే.

అయితే, సరదాకు వ్రాసినది గనుక తప్పెన్నరాదను వాదమును నేనంగీకరింపను. 1998లో అమెరికా తెలుగువారు ప్రారంభించిన 'ఈమాట' లాభాపేక్ష లేకయే రచనలను పరిశీలించి ప్రకటించుచున్నది. డబ్బు లేనిచోట శ్రద్ధయు ఉండదనుటకు అది చాలిన సమాధానము. ఈ రచనలలో నన్ను విసిగించునది భాషాదోషము కాదు, అరువు జ్ఞాపకము. అమ్మమ్మ ఊరు, ఆవకాయ, తొలకరి వాన: ఎవరి అమ్మమ్మయైనను ఒక్కటే, ఏ ఊరైనను ఒక్కటే. ఆ ఆవకాయలో ఉప్పు ఎక్కువైన సంవత్సరమేది? నాడు ఇంట ఎవరెవరు ఏమనిరి? అది చెప్పినవారి రచనను నేను రెండవమారు చదువుదును. చివర నీతివాక్యము చేర్చినవారిది మొదటిమారే చాలును.

మంచివానిని హిందీలోనికి తెచ్చుటకు పూనుకొన్నపుడు ఇంకొక సంగతి బయటపడినది. వీరిలో పలువురు కలముపేరుతోనే వ్రాయుదురు. పారితోషికము లేదు గనుక చెక్కుమీద వేయుటకైనను అసలు పేరు అక్కరలేదు. తెలుగులో "వెళ్ళినాను" అన్నచో పలికినది స్త్రీయో పురుషుడో క్రియ చెప్పదు. హిందీలో 'గయా' అనవలెను, లేదా 'గయీ' అనవలెను; నడుమ దారి లేదు. ఆ దాపరికము మీద నిలిచిన రచనలు కొన్ని కలవు. వంటింటి కిటికీనుండి వర్షమును చూచినవారెవరో తెలియకపోవుటయే వాని అందము. అట్టి చోట్ల "నాకు కనబడినది", "నాకు తోచినది" అను తీరున వాక్యములను తిప్పికొనుచు వచ్చితిని. హిందీలో ఆ తీరున క్రియ కనబడిన వస్తువును అనుసరించును గాని చూచినవారిని అనుసరింపదు. పేజీ పొడవునా అట్లు నడపుట మాత్రము కష్టమే. రెండు రచనలు ఇంకను నా బల్లమీదనే ఉన్నవి.