పామెలా మూడు మూటలు

షేక్‌స్పియర్ ‘మెజర్ ఫర్ మెజర్’ నాటకం రెండో అంకంలో ఒక సన్నివేశం ఉంది. మరణశిక్ష పడిన సోదరుణ్ణి క్షమించమని అడగడానికి ఇసబెల్లా అధికారి ఏంజెలో దగ్గరికి వస్తుంది. ఆమె సన్యాసినుల మఠంలో చేరబోతున్న మనిషి. నీ శరీరం ఇస్తే అతని ప్రాణం ఇస్తానంటాడు ఏంజెలో. ఆ మాట సూటిగా అనడానికి ముందు అతను ఒక వాదన చేస్తాడు. ఆడవాళ్ళు బలహీనులని నువ్వే ఒప్పుకున్నావు కదా, నువ్వు ఆడదానివైతే నీకు రాసిపెట్టి ఉన్న ‘లివరీ’ తొడుక్కుని ఆ సంగతి రుజువు చెయ్యి అంటాడు. ఎమ్మే క్లాసులో ఈ సన్నివేశం చెప్పేటప్పుడు ఆ మాట దగ్గర ‘దుస్తులు’ అని అర్థం చెప్పి ముందుకు వెళ్ళిపోతుంటాం. అలా దాటిపోవలసిన మాట కాదది. లివరీ అంటే నౌకరు ఒంటి మీద యజమాని వేయించే దుస్తులు. ఏ ఇంటి నౌకరో దూరం నుంచే తెలిసేలా ఆ ఇంటి రంగులతో, ఆ ఇంటి గుర్తుతో కుట్టించినవి. స్త్రీగా ఉండడమే ఒక కొలువనీ, దానికి యూనిఫాం ముందే కుట్టి ఉందనీ, తొడుక్కోవడమే ఆలస్యమనీ ఏంజెలో ఒక్క మాటలో చెప్పేశాడు. ఈ నాటకం ప్రదర్శించినట్టు దొరికే మొదటి దాఖలా 1604 నాటిది. జెండర్ ఒక తొడుగు అని మనం చెప్పుకోవడానికి నాలుగు వందల ఏళ్ళ ముందు ఒక దుర్మార్గుడు ఆ మాట అన్నాడన్నమాట, విప్పమని కాదు, తొడుక్కోమని.

ఈ మాట పుట్టుక ఇంకా విచిత్రంగా ఉంటుంది. లాటిన్‌లో ‘లీబెర్’ అంటే స్వేచ్ఛ గల మనిషి. దాని నుంచి వచ్చిన ‘లీబెరారె’ అంటే విడిపించడం. విడిపించడం కాస్తా వదిలి ఇవ్వడంగా, అప్పగించడంగా మారి ఫ్రెంచిలో ‘లివ్రె’ అయింది. ఇందులో మనకు అర్థం కానిదేమీ లేదు. జైలు నుంచి ఖైదీని విడుదల చేస్తారు, ప్రభుత్వం నిధులు కూడా విడుదల చేస్తుంది. తెలుగులో ‘విడుదల’ నడిచిన దారే అక్కడ ‘లివరీ’ నడిచింది. నార్మన్ల ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి ప్రభువు తన కొలువులో ఉన్నవాళ్ళకు విడుదల చేసి ఇచ్చేదంతా లివరీయే. తిండి, సారాయి, కొవ్వొత్తులు, ఏడాదికి ఇన్ని జతల బట్టలు. మన మాటల్లో దానికి దగ్గరి పదం ఉడుపు కాదు, బత్తెం. గుర్రానికి వేసే దాణాను కూడా లివరీ అనే అన్నారు. అద్దెకు గుర్రాలను మేపే శాలలకు ఇంగ్లీషులో ఇప్పటికీ అదే పేరు. తిండిగింజలూ కొవ్వొత్తులూ ఆ మాటలోంచి క్రమంగా రాలిపోయాయి. కంటికి కనిపించే బట్ట మాత్రం మిగిలింది.

ఆ బట్ట వెనక బలం ఉండేది. ఒక ప్రభువు రంగులు వేసుకున్నవాడు ఆ ప్రభువు మనిషి. అతని జోలికి వెళ్ళడమంటే ప్రభువు జోలికి వెళ్ళడమే. ఇలా బట్టలిచ్చి పెద్దలు సొంత సైన్యాలు తయారు చేసుకుంటున్నారని రాజులకు భయం పట్టుకుంది. ఎవరు ఎవరికి లివరీ ఇవ్వచ్చో నిర్ణయిస్తూ 1390లో రెండో రిచర్డ్ శాసనం చేశాడు. మళ్ళీ మళ్ళీ చట్టాలు వచ్చాయి, 1504లో ఏడో హెన్రీ కూడా ఒకటి చేశాడు. లండన్ వర్తక సంఘాలవాళ్ళు తమ సంఘం లివరీని గౌరవంగా వేసుకునేవారు. ఆ సంఘాల ‘లివరీమన్’లకు లండన్ సిటీ మేయరు ఎన్నికలో ఇప్పటికీ పాత్ర ఉంది. మన బిళ్ళ బంట్రోతు తళతళలాడే బిళ్ళ పెట్టుకుని కలెక్టరు కచేరీ ముందు నిలబడితే ఊళ్ళో పెద్దమనిషి కూడా తగ్గి మాట్లాడేవాడు కదా. నౌకరీ గుర్తే చిన్న అధికారపు గుర్తు కూడా కావడం అంటే అదే.

ఈ కథలో ఇంతవరకూ ఇంటి పనిచేసే ఆడమనిషి లేదు. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో లివరీ వేసుకున్నది ఫుట్‌మన్, బండి తోలేవాడు, గుర్రాలు చూసేవాడు. మోకాళ్ళ దాకా లాగు, జరీ కోటు, తలకు పౌడరు. పొడుగ్గా ఉన్నవాడికి జీతం ఎక్కువ. మగ నౌకరు ఎంత విలాసమంటే, అమెరికా యుద్ధం ఖర్చుల కోసం 1777లో తలకు ఒక గినీ చొప్పున వాళ్ళ మీద పన్ను వేశారు. ఆడ నౌకర్ల మీద 1785లో వేసిన పన్ను 1792 నాటికే రద్దయింది. మగ నౌకర్ల పన్ను మాత్రం 1937 దాకా సాగింది. పనిమనుషుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే. బొగ్గు మోసింది, బూడిద ఎత్తింది, మెట్లు కడిగింది వాళ్ళే. వాళ్ళకు లివరీ లేదు.

లేకపోవడం మంచిదే కదా అని ఒక విద్యార్థిని అడిగింది. మంచిదో కాదో డెఫో చెబుతాడు. ‘రాబిన్‌సన్ క్రూసో’ రాసిన ఆయనే, 1725లో మారుపేరుతో ఒక కరపత్రం వేశాడు. పనిపిల్లలు పట్టుబట్టలు కట్టి అమ్మగార్లలా తయారవుతున్నారని ఆయన ఫిర్యాదు. ఒక స్నేహితుడింటికి వెళ్ళి ఆడవాళ్ళను మర్యాదగా ముద్దుపెట్టుకుని పలకరించబోయి పనిమనిషిని కూడా ముద్దు పెట్టుకున్నాడట. సిగ్గుతో చచ్చిపోయాడట. కాబట్టి ఫుట్‌మన్‌లకున్నట్టు వీళ్ళకీ లివరీ పెట్టాలి, లేదా హోదాకు తగిన ముతక బట్ట కట్టించాలి అన్నాడు. ఆ పిల్ల ఏమనుకుందో కరపత్రంలో లేదు. ఎవరిని ముద్దు పెట్టుకోవచ్చో ఎవరిని కూడదో మగవాడికి తెలియడం కోసం ఆమె ఒంటి మీద గుర్తుండాలి, అంతే.

మరి ఆ పట్టుబట్టలు పనిపిల్లకు ఎక్కడివి? చాలావరకు అమ్మగారు కట్టి విడిచినవే. విడిచిన బట్టలు దాసీకి దక్కడం ఆచారం. కానీ ఆచారం ఒప్పందం కాదు. ఫుట్‌మన్‌కు ఏడాదికి ఇన్ని జతలని కొలువులో చేరేటప్పుడే మాట్లాడుకుంటారు. ఆమెకు అమ్మగారి మనసును బట్టి. మన ఊళ్ళల్లో పాలేరుకు ఇంత ధాన్యం, ఒక గొంగడి, చెప్పుల జత అని ముందే మాట్లాడుకుంటే, అదే ఇంట్లో అంట్లు తోమే ఆమెకు పాత చీర అమ్మగారి చలవ కింద జమ అయ్యేది. ఇచ్చిన బట్ట ఒకటే కావచ్చు. బత్తెం అయితే లెక్క తెగిపోతుంది, దయ అయితే తెగదు.

ఆ తెగని లెక్క మీద నడిచే నవల శామ్యూల్ రిచర్డ్‌సన్ రాసిన ‘పామెలా’. 1740లో వచ్చింది. పదిహేనేళ్ళ పామెలా పేద తల్లిదండ్రుల బిడ్డ, పెద్దింట్లో అమ్మగారి దగ్గర పనిచేసే పిల్ల. అమ్మగారు చనిపోతుంది. కొడుకు, మిస్టర్ బి, తల్లి బట్టలు పామెలాకు ఇస్తాడు. పట్టు గౌన్లు, లేసులు, బూట్లు. తర్వాత మేజోళ్ళు కూడా తనే ఇచ్చి, సిగ్గుపడుతున్న పిల్లను చూసి హాస్యమాడతాడు. మేజోళ్ళ దగ్గరే ఆమెకూ మనకూ సంగతి అర్థమవుతుంది. ఊరికి తిరిగి వెళ్ళిపోవాలని నిశ్చయించుకుని ఆమె పల్లెటూరి ముతక గుడ్డ కొని గౌను కుట్టుకుంటుంది. గడ్డి టోపీ కొంటుంది. ఆ వేషంలో అద్దంలో చూసుకుని సంతోషిస్తుంది కూడా. మిస్టర్ బి ఆమెను గుర్తుపట్టనట్టు నటించి, నువ్వు పామెలా చెల్లెలివా అంటూ ముద్దు పెట్టుకుంటాడు. డెఫో పొరపాటున చేశానన్న పని ఇతను కావాలని చేస్తాడు. పైగా మారువేషం వేసి మోసం చేస్తున్నావని ఆమె మీదే నింద. ఆమె జవాబు నాకు నవల మొత్తంలో ఇష్టమైన చోటు. మీ అమ్మగారు నన్ను మా ఇంటి నుంచి తెచ్చిన నాటి నుంచి ఉన్నదే మారువేషం అంటుంది.

వెళ్ళబోయే ముందు తన బట్టలను మూడు మూటలు కడుతుంది. మొదటిది అమ్మగారు ఇచ్చినవి. అవి ఆ కొలువుకు తగినవి, పేదింట్లో తనకెందుకని వదిలేస్తుంది. రెండోది అయ్యగారు ఇచ్చినవి. అవి దేనికి వెలగా ఇచ్చినవో తెలుసు కాబట్టి వదిలేస్తుంది. మూడోది తన సొంతం. దాన్ని కావలించుకున్నంత పని చేస్తుంది. ఇల్లు చూసుకునే మిసెస్ జెర్విస్ ముందు ఇలా లెక్క అప్పజెబుతుంటే మిస్టర్ బి దాక్కుని వింటూ ఉంటాడు.

ఈ మూటలను చూసి అప్పటి నుంచీ చాలామంది నవ్వారు. గుడ్డల మీద ఇంత మోజున్న పిల్ల శీలవతి ఎలా అవుతుందని. ఫీల్డింగ్ 1741లో ‘షామెలా’ అని వెక్కిరింత రాశాడు. నాకు అది మోజులా కనిపించదు. అది పద్దు పుస్తకం. ఏది కూలి, ఏది దయ, ఏది ఎర అని ఏ ఒప్పందమూ చెప్పని చోట, ఆ పద్దు రాయవలసిన పని యజమానిది కాకుండా పదిహేనేళ్ళ పిల్లది అయింది.

ఫీల్డింగే తనకు తెలియకుండా దీనికి సాక్ష్యం ఇచ్చాడు. 1742లో ‘జోసెఫ్ ఆండ్రూస్’ రాస్తూ పామెలాకు ఒక అన్నదమ్ముణ్ణి కల్పించాడు. జోసెఫ్ ఫుట్‌మన్, లివరీ వేసుకునేవాడు. అతని మీద అమ్మగారు మనసు పడుతుంది, అతను ఒప్పుకోడు, ఉద్యోగం పోతుంది. జీతంలో మిగిలింది కాస్త చేతిలో పెడతారు, ఒంటి మీద లివరీ విప్పించుకుంటారు. తోటి నౌకరు దగ్గర కోటూ లాగూ అరువు తెచ్చుకుని బయల్దేరతాడు. అవమానమే. దారిలో దొంగలు ఆ అరువు బట్టలు కూడా దోచుకుంటారు, అది వేరే కథ. కానీ చూడండి, జోసెఫ్ ఒక్క మూట కూడా కట్టనక్కర్లేదు. లివరీ ఇంటిది, ఒళ్ళు తనది. విప్పేస్తే తెగిపోయింది. తన ఒంటి మీది బట్ట ఎందుకు వచ్చిందని అతన్ని ఎవరూ అడగరు, అతనూ తనను తాను అడుక్కోడు. సోదరి మాత్రం నవల పొడుగునా అదే అడుగుతూ ఉంటుంది. రిచర్డ్‌సన్ ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక పెళ్ళి చేశాడని నా అభిప్రాయం. పెళ్ళి ఖాయమయ్యాక పామెలా వదిలేసిన పట్టుబట్టలు తీసి కట్టుకుంటుంది. ఇంటికి అమ్మగారైపోతే కూలి ఏది, దయ ఏది అన్న లెక్క ఇక ఎవరడుగుతారు?

డెఫో కోరిక పంతొమ్మిదో శతాబ్దంలో తీరింది. పొద్దున పనికి ప్రింటు గుడ్డ గౌను, మధ్యాహ్నం నుంచి నల్ల గౌను, తెల్ల ఏప్రన్, తెల్ల టోపీ. ఒకప్పుడు ఇంట్లో టోపీ పెట్టుకోవడం అమ్మగార్లకూ మామూలే. వాళ్ళు మానేశాక పనిమనిషి తల మీద మిగిలి అది ఆమె గుర్తయింది. 1891 నాటికి ఇంగ్లండు, వేల్సుల్లో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు పది లక్షలకు పైమాటే. ఫుట్‌మన్ లివరీ యజమాని ఖర్చు. ఈ పిల్లలు మాత్రం పెద్దింట్లో చేరాలంటే నల్ల గౌను, ఏప్రన్లు, టోపీలు తామే కొనుక్కుని పెట్టెలో పెట్టుకుని వెళ్ళాలి. వాటికి డబ్బు కూడబెట్టడానికి ముందు ఒక చిన్న ఇంట్లో అరకొర జీతానికి పనిచేసినవాళ్ళు ఎందరో. మగవాడికి ఇచ్చినది కాబట్టి లివరీ. ఆడదానికి ఇచ్చిందేమీ లేదు కనుక ఆ పదమూ ఆమెకు రాలేదు.

యజమానురాళ్ళు బొత్తిగా ఇవ్వలేదని కాదు. క్రిస్మస్‌కు పనిమనుషులను వరసలో నిలబెట్టి ఒక్కొక్కరికి ఒక గౌనుకు సరిపడా ప్రింటు గుడ్డ కానుకగా ఇచ్చే ఆనవాయితీ చాలా ఇళ్ళల్లో ఉండేది. వచ్చే ఏడాది పొద్దున పూట పనిలో వేసుకోవలసిన గౌనుకు. కుట్టుకూలి మాత్రం ఆమెదే.