వచ్చుండాడు

పోయిన వేసవిలో, మామిడికాయల లారీలు రోడ్డు పొడుగునా బారులు తీరిన రోజుల్లో జరిగిన సంగతి ఇది. తిరుపతిలో మా మిద్దె మీద సాయంత్రం పూట కొంతమంది డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. పీలేరు పక్కన పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒకమ్మాయి నోటుబుక్కు దిద్దుతుంటే ఒక వాక్యం దగ్గర పెన్ను ఆగింది. 'మై ఫాదర్ హాజ్ కమ్ ఫ్రమ్ కువైట్ ఎస్టర్డే' అని రాసింది. 'హాజ్ కమ్' కొట్టేసి పైన 'కేమ్' అని రాస్తే దిద్దడం అయిపోయినట్టే. చాలా ఏళ్ళు నేనూ అట్లాగే దిద్దాను. ఆ రోజు మాత్రం నోటుబుక్కు ఆమె చేతికే ఇచ్చి, "ఇదే మాట తెలుగులో చెప్పమ్మా" అన్నాను.

"మా నాన్నగారు నిన్న కువైట్ నుండి వచ్చారు సార్" అంది, టీవీలో వార్తలు చదివినట్టు.

"అట్ల కాదమ్మా. ఇంట్లో మీ అవ్వతో ఎట్ల చెప్తావో అట్ల చెప్పు."

పక్కనున్న వాళ్ళ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "మా నాయన నిన్న కువైట్ నించి వచ్చుండాడు సార్."

ఆమె రాసిన 'హాజ్ కమ్' ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. 'వచ్చుండాడు'ను విడదీస్తే వచ్చి, ఉండాడు అని రెండు మాటలు. మా చిత్తూరు వైపు 'వచ్చినాడు' వేరు, 'వచ్చుండాడు' వేరు. మొదటిది రావడం అనే పని జరిగిందని మాత్రమే చెబుతుంది. రెండోది, వచ్చిన మనిషి ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడని, కావాలంటే పోయి పలకరించవచ్చని కూడా చెబుతుంది. ఇంగ్లీషులో ప్రెజెంట్ పర్ఫెక్ట్ చేసే పని సరిగ్గా ఇదే. పని ముందే జరిగిపోయింది, దాని ఫలం ఇప్పుడు కళ్ళెదుట ఉంది. వ్యాకరణం పుస్తకం అరపేజీ నిండా చెప్పే సంగతిని వాళ్ళవ్వ ఒక్క మాటలో చెప్పేస్తుంది.

మరి తప్పు ఎక్కడ జరిగింది? 'నిన్న' దగ్గర. మన మాట 'నిన్న వచ్చుండాడు' అంటే ఒప్పుకుంటుంది. ఇంగ్లీషు ఒప్పుకోదు. నిన్న, పోయిన వారం, 2019లో అని కాలం పేరు పలికితే చాలు, ఇంగ్లీషులో ఆ కాలానికి గొళ్ళెం పడిపోతుంది. అక్కడ 'కేమ్' ఒక్కటే చెల్లుతుంది. ఆ అమ్మాయికి ఇదే చెప్పాను. "ప్రెజెంట్ పర్ఫెక్ట్ నీకు చిన్నప్పటి నుంచే వచ్చమ్మా. పక్కన 'నిన్న' ఉంటే దాన్ని వాడరు. నువ్వు కొత్తగా నేర్చుకోవాల్సింది అంతే." ఆమె కొట్టేసి రెండు వాక్యాలుగా రాసుకుంది. 'మై ఫాదర్ హాజ్ కమ్. హి కేమ్ ఎస్టర్డే.' రెండూ సరైనవే.

అంత చిన్న సంగతికి నేను ఎందుకు అంత కదిలిపోయానో చెప్పాలి. నేనూ పల్లె నుంచే తిరుపతికి చదువుకోవడానికి వచ్చాను. తరగతిలో ఒకసారి 'పోతా ఉండాను' అన్నందుకు ఒక లెక్చరరు అందరి ముందూ నన్ను నిలబెట్టి, ముందు తెలుగు నేర్చుకుని తర్వాత ఇంగ్లీషు జోలికి రమ్మన్నారు. ఆ రోజు నుంచి నా యాసను దాచిపెట్టుకున్నాను. ఇంగ్లీషును రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణంలో వెతుక్కున్నాను. పన్నెండు టెన్సుల పేర్లూ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. బస్టాండులో ఉత్తరాది యాత్రికుడు ఒకాయన ఇంగ్లీషులో దారి అడిగితే మాత్రం నోరు పెగల్లేదు. ఇంట్లో రోజూ అనే 'పోతా ఉండాను', పుస్తకంలోని 'యామ్ గోయింగ్' ఒకే కట్టడమని నాకు ఎవరూ చెప్పలేదు. 'పోతా'కు గోయింగ్, 'ఉండాను'కు యామ్. కోస్తా వాళ్ళు 'వెళ్తున్నాను' అని కలిపేసి పలుకుతారు కాబట్టి లోపలి అతుకు కనపడదు. మా మాటలో ఆ అతుకు బయటికే కనిపిస్తుంది. సిగ్గుపడమన్న మాటే నాకు దారి చూపగలిగేది. అది తెలిసేసరికి చాలా ఏళ్ళు గడిచిపోయాయి.

అందుకే ఇప్పుడు పిల్లల చేత నోటుబుక్కులో మూడు వరసలు గీయిస్తాను. మొదటి వరసలో ఇంట్లో మాట్లాడే మాట, ఉన్నదున్నట్టు. రెండో వరసలో ఆ మాటను ముక్కలుగా విడదీసి రాయాలి. మూడో వరసలో ఇంగ్లీషు. రెండో వరస దగ్గరే పిల్లలు ఎక్కువసేపు కూర్చుంటారు. అసలు చదువు అక్కడే జరుగుతుంది.

ఉదాహరణకు 'ఎ', 'ది' అనే ఆ చిన్న మాటలు. ఎమ్మే చదివిన వాళ్ళను కూడా అవి తిప్పలు పెడతాయి. తెలుగులో ఆర్టికల్స్ లేవని మాకు చెప్పారు, మేమూ నమ్మాం. కానీ అవ్వ కథ చెప్పడం మొదలుపెట్టినప్పుడు చెవి పెట్టి వినండి. ఒక ఊళ్ళో ఒక రాజు ఉండేవాడు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు. మొదటిసారి 'ఒక' రాజు, రెండోసారికి 'ఆ' రాజు. వినేవాళ్ళకు ఇంకా తెలియని రాజుకు 'ఎ', పరిచయమైన రాజుకు 'ది'. ఈ ఒక్క కథ చెబితే పిల్లల తప్పులు చాలావరకు తగ్గుతాయి. తేడా ఎక్కడంటే, తెలుగులో 'ఒక', 'ఆ' లేకుండా కూడా మాట నడుస్తుంది. 'బస్సు వచ్చింది' అంటే చాలు, ఏ బస్సో సందర్భమే చెబుతుంది. ఇంగ్లీషు మాత్రం ప్రతిసారీ అడుగుతుంది, ఎదుటివాళ్ళకు తెలిసిన బస్సా, తెలియనిదా అని. ఆ ప్రశ్నకు ప్రతిసారీ జవాబు చెప్పడం అలవాటు చేసుకోవాలి.

మాటలు నేర్చుకోవడంలోనూ ఇదే పద్ధతి. మన 'వెయ్యి' సంగతే చూడండి. తలుపు వేస్తాం, తాళం వేస్తాం, లైటు వేస్తాం, ముగ్గు వేస్తాం, చొక్కా వేసుకుంటాం, బిడ్డకు అన్నం వేస్తాం. ఇల్లు నడిచేదంతా ఆ ఒక్క క్రియ మీదే. అదే అలవాటుతో పిల్లలు ఇంగ్లీషులో అన్నింటికీ 'పుట్' పెట్టేస్తారు. పుట్ ద లాక్, పుట్ ద లైట్ అని. అక్కడ తలుపుకు క్లోజ్, తాళానికి లాక్, లైటుకు టర్న్ ఆన్, ముగ్గుకు డ్రా, అన్నానికి సర్వ్. ఆ భాషలోనూ 'గెట్', 'టేక్' లాంటివి పది ఇళ్ళకు చాకిరీ చేస్తాయి. పరీక్ష మనకు 'రాసేది', అందుకే రైట్ ద ఎగ్జామ్ అంటాం. వాళ్ళకు అది 'తీసుకునేది', టేక్. కాబట్టి మాటను ఒంటరిగా బట్టీ కొట్టవద్దంటాను. దాని జోడు మాటతో కలిపి రాసుకోవాలి. 'లాక్' అని ఊరికే రాసుకుంటే పొద్దున్నకే మరిచిపోతారు. 'లాక్ ద డోర్' అని రాసుకుంటే రాత్రి తలుపు వేసేటప్పుడు దానంతటదే గుర్తుకొస్తుంది.

ఇప్పటికే మన నోట్లో నలుగుతున్న ఇంగ్లీషు మాటలనూ ఒకసారి పట్టి చూసుకోవాలి. అవి మన ఇంటికొచ్చి అర్థం మార్చుకున్నాయి. మనకు హోటల్ అంటే ఇడ్లీ, దోసె దొరికే చోటు, వాళ్ళకు పడుకోవడానికి గది ఇచ్చే చోటు. చదువు పూర్తి చేశామని చెప్పబోయి 'పాస్డ్ అవుట్' అంటాం, వాళ్ళకు స్పృహ తప్పి పడిపోయినట్టు వినిపిస్తుంది. పాఠంలో ఏదైనా అడగాలంటే 'డౌట్' ఉందంటాం, వాళ్ళు దాన్ని అపనమ్మకం అనుకుంటారు. ఈ మాటలను ఇంట్లో మానేయమని చెప్పను. మన మధ్య అవి చక్కగా పనికొస్తున్నాయి. గడప దాటినప్పుడు ఏది మారుతుందో తెలిసి ఉంటే చాలు.

ఇది మన ఒక్కరి తంటా కాదు. స్పానిష్ మాట్లాడే వాళ్ళు ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు 'స్కూల్' ముందు ఒక 'ఎ' చేర్చి 'ఎస్కూల్' అంటారు. మా పల్లెల్లో 'ఇస్కూలు' అన్నట్టే. వాళ్ళూ వాక్యంలో నేను, నువ్వు అని కర్తను పెట్టకుండా మాట్లాడగలరు, మనలాగే. ఇంగ్లీషుకు వచ్చేసరికి ఇద్దరమూ 'ఇట్ ఈజ్ రైనింగ్'లో 'ఇట్' మరిచిపోతాం. ఆర్టికల్స్ విషయంలో మాత్రం ఎదురెదురు దారులు. మనం 'ది' వదిలేస్తాం. వాళ్ళు బతుకు గురించి చెప్పినా 'ది లైఫ్' అంటారు, వాళ్ళ భాష ఆ మాటకు ఆర్టికల్ అడుగుతుంది కాబట్టి. ఆకలి సంగతి చూడండి. తెలుగులో ఆకలి నాకు అవుతుంది. స్పానిష్‌లో ఆకలిని నేను కలిగి ఉంటాను. ఇంగ్లీషులో నేనే హంగ్రీ. మూడు భాషల్లోనూ కడుపు మంట ఒకటే, కట్టడం వేరు. కాబట్టి మాడ్రిడ్‌లో చదువుకునే పిల్లవాడు చేసే తప్పు వేరు, మదనపల్లె పిల్లవాడి తప్పు వేరు. ఇద్దరికీ ఒకే పుస్తకం ఇచ్చి ఒకే విధంగా దిద్దితే, ఆ దిద్దుబాటు ఇద్దరికీ అంటదు.

మదనపల్లె పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ అక్కడి థియొసాఫికల్ కాలేజీలో కొన్నాళ్ళు ఉన్నారు. తాను బెంగాలీలో రాసిన జనగణమనను ఇంగ్లీషులోకి తానే అక్కడ మార్చారు. దానికి 'మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' అని పేరు పెట్టారు. ఆ పాట ముందు తల్లిభాషలో నిలబడి, ఆ తర్వాతే ఇంగ్లీషు గడప తొక్కింది. చిత్తూరు పక్కన కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చదువుకుని, ఇంగ్లీషు ఉపన్యాసాలకు పేరు పొంది, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. కవిత్వం గురించి తాను ఆలోచించిందంతా 'కవిత్వతత్త్వ విచారము'గా తెలుగులో రాశారు. ఒక భాష గట్టిగా ఉన్నందువల్ల రెండోది బలహీనపడిన జాడ వాళ్ళలో కనిపించదు.

ఎదురు దారిలో వచ్చిన వాడు సి.పి. బ్రౌన్. 1820లో కడపకు వచ్చిన ఆ ఇంగ్లీషు ఉద్యోగి తెలుగు నేర్చుకుని, 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించాడు. 1854లో అన్యదేశ్యాలకూ మిశ్రభాషకూ విడిగా మరో నిఘంటువు తెచ్చాడు. పండితుల తెలుగుతో సరిపెట్టుకోకుండా కచేరీల్లోనూ బజారులోనూ జనం వాడే మాటను పట్టుకున్నాడు. పరాయి భాషలోకి వచ్చిన వాడికి జనం మాట అంత అవసరమైతే, పరాయి భాషకు బయలుదేరిన మన పిల్లలకు తమ సొంత మాట ఎందుకు అడ్డమవుతుంది?

2020 నుంచి మన ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు వస్తోంది. ఆ పుస్తకం తెరిచినప్పుడు నాకు సంతోషం కలిగింది. అయితే అందులో ఉన్నది పుస్తకాల తెలుగు. కుప్పం పిల్లవాడు, సత్యవేడు పిల్లవాడు ఇంట్లో మాట్లాడే తెలుగుకు మూడో పేజీ కావాలి. దాన్ని ఎవరూ అచ్చు వేసి ఇవ్వలేరు. టీచరు అడగాలి, పిల్లలు సిగ్గుపడకుండా చెప్పాలి. టీచర్లందరికీ నా మనవి ఒక్కటే. ఎర్ర గీత గీసే ముందు ఆ వాక్యాన్ని ఇంటి తెలుగులో చెప్పించండి. ఆ తప్పు ఏ దారిన వచ్చిందో తెలిస్తే, తిరిగి వెళ్ళే దారీ తెలుస్తుంది.

ఇంటి మాట నుంచి ఇంగ్లీషుకు ఎక్కే ఈ మెట్లు అన్ని చోట్లా సరిపోవని కూడా పిల్లలకు చెబుతాను. 'ఉండారు' అనే మాట వెంట పోతే 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్' వస్తుంది, అక్కడ ఇంగ్లీషుకు 'హావ్' ఒక్కటే కావాలి. నో, లైక్, వాంట్ వంటివి కూడా మామూలుగా 'ఇంగ్' తగిలించుకోవు. ఇట్లాంటి చోట మెట్టు లేదని ముందే తెలిస్తే కాలు జారదు.

ఆ అమ్మాయి రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం కాస్త ఆలస్యంగా వచ్చింది. సెలవు అయిపోయి వాళ్ళ నాయన వెనక్కు వెళ్ళిపోయాడు. నోటుబుక్కు మొదటి వరసలో వాళ్ళవ్వ మాట రాసుకొచ్చింది. 'మీ నాయన పొయ్యుండాడు.' రెండో వరసలో పోయి, ఉండాడు. మూడో వరసలో 'హి హాజ్ గాన్'. నేను చెప్పకుండానే సరిగ్గా రాసింది. దాని కింద మరో మాట ఉంది, మూడో వరస ఖాళీగా వదిలేసి.

"సార్, మా అన్న మద్రాసుకు పోయి తిరిగొచ్చేసినాడు. 'పొయ్యుండాడు' అంటే అక్కడే ఉండాడని కదా? 'పొయ్యొచ్చినాడు' అనాలంటే ఇంగ్లీషులో ఏమంటారు?"

ఈసారి ఆమె గొంతు తగ్గించలేదు, పక్కవాళ్ళ వైపు చూడలేదు. 'హాజ్ గాన్'కు 'హాజ్ బీన్'కు నడుమ ఉన్న తేడా అది. నేనెంతో తర్వాత గానీ తెలుసుకోలేకపోయిన ఆ తేడాను ఆమె వాళ్ళవ్వ మాటలోనే పట్టుకుంది. పెన్ను ఆమెకే ఇచ్చి, ఖాళీ వరసలో రాయమన్నాను. 'మై బ్రదర్ హాజ్ బీన్ టు మద్రాస్.'