వంగమడిలో వేప

తొలకరి పడిన కొద్ది రోజులకే కూరగాయల మడిలో మనం వెయ్యని మొక్క ఒకటి తలెత్తుతుంది. కలుపు తీసే చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. ఆ చేతిని కాస్త ఆపమని నా మనవి.

ఈ ఏడు మా వంగమొక్కల మధ్య వచ్చినదాన్నే చూడండి. మందపాటి పప్పుబద్దలు రెండు ముందుగా బయటపడ్డాయి. వాటిని చూసి చెట్టు పేరు చెప్పలేం. చింత కూడా అలాగే బద్దలెత్తుకుని వస్తుంది. అసలు ఆకు విప్పేదాకా ఆగాల్సిందే. మొదటి జంట ఎదురెదురుగా వచ్చింది. కాడకు మూడేసి రెబ్బలు, అంచులు కత్తిరించినట్టు. చింతకైతే మొదటి ఆకులోనే చిట్టి రెబ్బలు బారులు తీరతాయి, పొద్దుగూకితే ముడుచుకుంటాయి. ఆకు కొస నలిపి చూశాను, కరివేపాకు వాసన లేదు. ఇక తేలాల్సింది వేపా, తురకవేపా అన్నదే. చేదు చూద్దామని కొరకొద్దు. తురకవేప కాయ విషం. ఎరగని మొలకను నోట పెట్టకూడదు. మరికొన్ని ఆకులు రానిస్తే అదే తెలుస్తుంది. వేపకు ఒకే కాడకు రెండు వైపులా రెబ్బలుంటాయి. తురకవేపకు ఆ కాడ మళ్లీ చిన్న కాడలుగా చీలుతుంది. మాది చీలలేదు.

ఆకు కంటే ముందే నెల కొంత చెబుతుంది. వేపపండ్లు రాలేది ఎండాకాలం చివర. గింజలో జీవం కొన్ని వారాలే నిలుస్తుంది, అందుకే వేప మొలకలు తొలకరికి గుంపుగా లేస్తాయి. చింతపిక్కకు ఓపిక ఎక్కువ. ఎరువుకుప్పలో నెలల తరబడి పడుండి, తడి తగిలినప్పుడు లేస్తుంది. చలికాలంలో కుండీలో వింత మొలక కనిపిస్తే నేనైతే ముందు వంటింటి చింతపండు పిప్పినే అనుమానిస్తాను. తలెత్తి పైకి కూడా చూడాలి. మా మడి మీదుగా కరెంటు తీగ పోతుంది. పండు మింగిన పిట్టలు వాలేది అక్కడే.

వంగమడిలో వేపను ఉంచలేం, నీడ కమ్మేస్తుంది. అలాగని పీకి పారెయ్యడానికి నాకు మనసొప్పదు. తల్లివేరు చాలా వేగంగా దిగుతుంది కాబట్టి మొక్క జానెడు కాకముందే లోతుగా తవ్వి, మట్టిగడ్డతో సహా కవరులోకి మార్చాలి. ముసురు పట్టిన రోజు చూసి వీధి చివర ఖాళీ స్థలంలో నాటాలి. దడి మాత్రం ఆ రోజే కట్టాలి, మేకలకు వేపాకంటే ఇష్టం.