లెక్కల సారు కావాలనుకోవడం

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు డిగ్రీ కళాశాలల్లో ఎం.పి.సి. గాని, బి.జడ్.సి. గాని చదువుతున్న విద్యార్థి చివరి ఏడు ముగియక ముందే బి.ఎడ్. ప్రవేశ పరీక్ష అయిన ఎడ్‌సెట్‌కు దరఖాస్తు పెట్టి, లెక్కలో సైన్సో చెప్పే ఉపాధ్యాయ వృత్తిని కోరుకున్నప్పుడు, ఆ కోరికకు చుట్టూ ఉన్నవారు సాధారణంగా రెండే అర్థాలు చెబుతారు: ఇంజనీరింగు దారిలో పోలేనివారు చివరకు పట్టే దారి అది అన్నది ఒకటి, నెల తిరగగానే చేతికందే సర్కారు జీతం మీది ఆశ అన్నది రెండవది. రెండింటిలోనూ నిజం లేకపోలేదు. 2008 తరువాత ఫీజు రీయింబర్స్‌మెంటు, అంటే ప్రైవేటు కళాశాలల రుసుమును విద్యార్థి తరఫున ప్రభుత్వమే చెల్లించే పథకం, విస్తరించడంతో లెక్కల్లో చురుకైన పిల్లలు చాలామంది బి.టెక్. వైపు మళ్లారు. 2020 వేతన సవరణ ప్రకారం ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంట్ మూలవేతనం 42,300 రూపాయలతో మొదలవుతుంది. వానను నమ్ముకొని పత్తో కందో వేసుకునే కుటుంబానికి అది ఎంత పెద్ద ఆసరాయో వేరుగా చెప్పనక్కర లేదు. అయితే జీతమే మొత్తం కారణమైతే అదే డిగ్రీతో పోలీసు కొలువుకో, గ్రూప్స్ పరీక్షలకో పోవచ్చు. 2015 నుంచి రెండేళ్లయిన బి.ఎడ్. చదివి, 2009 నాటి విద్యాహక్కు చట్టం వెంట వచ్చిన టెట్ అనే అర్హత పరీక్ష నెగ్గి, ఆపైన జిల్లా ఎంపిక సంఘం పేరుతోనే వాడుకలో నిలిచిపోయిన డీఎస్సీ పరీక్ష కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే దారిని ఎంచుకోవడానికి జీతానికి తోడు మరేదో ఉండి తీరాలి.

ఆ మరేదో ఏమిటన్న ప్రశ్నను ప్రపంచంలో చాలామంది విద్యావేత్తలు పట్టించుకున్నారు. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన హెలెన్ వాట్, పాల్ రిచర్డ్‌సన్ 2007లో ఉపాధ్యాయ విద్యార్థుల ప్రేరణలను కొలిచే ఒక ప్రశ్నావళిని ప్రచురించి, చెప్పగలనన్న నమ్మకం, చెప్పడంలోని ఆనందం, సమాజానికి పనికి రావాలన్న తపన, ఉద్యోగ భద్రత, ఇంటికి మిగిలే సమయం, తాము చదువుకున్ననాటి అనుభవం, పెద్దల ప్రోద్బలం, వేరే దారి లేకపోవడం అనే కారణాలను వేరువేరుగా నిలబెట్టి చూశారు. వారు పరిశీలించిన విద్యార్థుల్లో వేరే దారి లేదన్న కారణానికి అన్నిటికన్నా తక్కువ బలం కనిపించింది. ఆస్ట్రేలియా ఫలితాన్ని పాలమూరుకు, అంటే మహబూబ్‌నగర్‌కు, నేరుగా అంటగట్టడం సరికాదు గాని, ఆ విభజన మాత్రం ఇక్కడికీ పనికొస్తుంది. ఎందుకంటే భద్రతను కోరుకోవడమూ, బోధనను ప్రేమించడమూ ఒకే మనిషిలో ఒకేసారి ఉండగలవని, ఒకటి ఉన్నంత మాత్రాన రెండవది అబద్ధం కాదని అది గుర్తుచేస్తుంది. బీద ఇంటి విద్యార్థి భద్రతను కోరుకుంటే దాన్ని వృత్తి మీది ప్రేమకు లోటుగా లెక్కగట్టే అలవాటు మన విద్యావేత్తల్లో కొందరికి ఉంది, అది అన్యాయం.

ఇంకా వెనక్కి పోతే, అమెరికా సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లో వెలువరించిన గ్రంథంలో ఒక మౌలికమైన విషయం చెప్పాడు. వైద్యుడు కావాలనుకునే కుర్రవాడు వైద్యుడి పనిని చూసేది అరుదు. ఉపాధ్యాయుడు కావాలనుకునేవాడు మాత్రం బడి చదువు ముగిసేనాటికి దాదాపు 13,000 గంటలు ఉపాధ్యాయుల ఎదుటే కూర్చొని ఉంటాడు. చూస్తూ చూస్తూ తెలియకుండానే జరిగిపోయే ఈ శిష్యరికం వల్ల వృత్తి ఎంపిక డిగ్రీలో జరిగినట్టు కనిపించినా, దాని బీజం బడిలోనే పడుతుంది. ఈ మాటను దక్షిణ తెలంగాణ మెట్టనేల మీద పెట్టి చూస్తే దానికి మరింత బరువు వస్తుంది. 2011 జనగణన నాటికి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం, నల్లగొండది 64.20 శాతం, అప్పటి ఉమ్మడి రాష్ట్ర సగటు 67.02 శాతం. అటువంటి చోట చాలా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఈ విద్యార్థే అవుతాడు. ఇంట్లో ఇంజనీరు లేడు, శాస్త్రవేత్త లేడు, బ్యాంకు అధికారి లేడు. చదువును బతుకుతెరువుగా మలుచుకున్న మనిషిగా అతడు రోజూ దగ్గరగా చూసింది లెక్కల సారునో, సైన్సు మేడంనో మాత్రమే. చూడని పనిని కోరుకోవడం ఎవరికైనా కష్టమే.

లెక్కకు ఈ ప్రాంతంలో ఉన్న గౌరవానికి వేరే మూలం కూడా ఉంది. దేశమంతటా ఆనకట్టలు, కాలువల మట్టి పనులకు తరలిపోయిన పాలమూరు లేబరు చరిత్ర అందరికీ తెలిసిందే. గుంపు మేస్త్రీ కింద కుటుంబాలకు కుటుంబాలు బయలుదేరిపోయి, తవ్విన మట్టికి కొలత వేరొకరు వేయగా, తీసుకున్న అడ్వాన్సుకు, చేసిన పనికి లెక్క వేరొకరు చెప్పగా, నమ్మడం తప్ప మరో గతి లేక తిరిగివచ్చిన తరాలవి. పొడవు, వెడల్పు, లోతు గుణిస్తే వచ్చే ఘనపరిమాణం ఎనిమిదో తరగతి పిల్లవాడికి పరీక్షలో ఒక ప్రశ్న. అతడి తాతకు అది మోసపోవడానికీ పోకపోవడానికీ మధ్య ఉన్న తేడా. లెక్క వచ్చినవాడు మోసపోడన్న నమ్మకం ఈ ఇళ్లలో పుస్తకాల నుంచి రాలేదు. ఆ నమ్మకంతో పెరిగిన పిల్లవాడు లెక్కలు చెప్పడాన్ని గౌరవప్రదమైన పనిగా భావిస్తే అందులో ఆశ్చర్యం లేదు.

నల్లగొండలో సైన్సుకు అటువంటి స్థానాన్నే నీళ్లు ఇచ్చాయి. రెండువందల యాభై కోట్ల ఏళ్లకు పైబడిన గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు భూగర్భ జలంలోకి కరిగి రావడం, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటిన నీటిని తరాలపాటు తాగిన మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో పళ్లు మచ్చలు తేలి, ఎముకలు వంకర పోవడం ఎంతోమంది రాసిన సంగతి. పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి, తేరనిచ్చి, వడగట్టి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పరిశోధన సంస్థ 1970ల్లో రూపొందించినప్పుడు దానికి నల్లగొండ పేరే పెట్టారు. ఇప్పటికీ ప్రపంచంలోని నీటి శుద్ధి గ్రంథాల్లో అది నల్లగొండ పద్ధతిగానే పిలవబడుతుంది. అవక్షేపం, అంటే ద్రావణంలో కరిగి ఉన్నది ఘనరూపంలో విడిపడి అడుక్కు చేరడం, అనే పాఠాన్ని ఈ జిల్లా పిల్లలకు చెప్పే ఉపాధ్యాయుడు ఉదాహరణ కోసం వెతుక్కోనక్కర లేదు. పాఠ్యపుస్తకంలోని రసాయన శాస్త్రానికీ, తమ ఊరి బోరింగుకూ సంబంధం ఉందని ఒక్కసారి తెలిసిన విద్యార్థి ఆ తెలివిడిని మరొకరికి అందించాలనుకోవడం ఎంతో సహజం.

కోరిక బడిలో మొలిచినా, అది నిశ్చయంగా మారేది ఆ విద్యార్థి తాను మొదటిసారి ఇతరులకు చెప్పినప్పుడు. సంక్షేమ హాస్టళ్లలో సాయంత్రం స్టడీ అవర్‌లో పదో తరగతి పిల్లలు ఏడో తరగతి వారికి లెక్కలు చెప్పడం, డిగ్రీ చదువుతూ అద్దె గదిలో నలుగురు పిల్లలకు ట్యూషన్ పెట్టుకోవడం ఈ జిల్లాల్లో మామూలు. పైకి చిన్నగా కనిపించే ఈ అనుభవంలోనే వృత్తి రహస్యం దాగి ఉంటుంది. మూడో వంతు కన్నా నాలుగో వంతు పెద్దదని ఒక పిల్లవాడు అంటే, తప్పని చెప్పి సరైన జవాబు రాయించడం ఎవరైనా చేయగలరు. కాని నాలుగు మూడు కన్నా పెద్దదన్న పూర్ణసంఖ్యల జ్ఞానాన్ని ఆ పిల్లవాడు భిన్నాల మీదికి తీసుకొచ్చాడని, అతడి తప్పులో ఒక తర్కం ఉందని పసిగట్టి, ఒకే రొట్టెను మొదట ముగ్గురికి, తరువాత నలుగురికి పంచి చూడమనడం వేరే విద్య. 0.7 కన్నా 0.35 పెద్దదనడం, చెట్టు తన బరువునంతా మట్టి నుంచే తీసుకుంటుందనడం, బరువైన రాయి తేలికైన రాయి కన్నా ముందు నేలను తాకుతుందనడం కూడా ఇటువంటి తర్కబద్ధమైన తప్పులే. విషయం తెలియడమూ, బోధన పద్ధతి తెలియడమూ అనే రెండింటికి భిన్నంగా, ఫలానా విషయం ఫలానా వయసు పిల్లవాడికి ఎక్కడ అడ్డుపడుతుందో, ఏ ఉదాహరణతో ఆ అడ్డు తొలగుతుందో తెలిసిన జ్ఞానం ఒకటి ఉందని, అది ఉపాధ్యాయులకు మాత్రమే సొంతమైన జ్ఞానమని అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లో ప్రతిపాదించాడు. ఎం.ఎస్సీ. గణితంలో ప్రథమ శ్రేణి వచ్చినంత మాత్రాన అది చేకూరదు. పిల్లవాడి ముఖంలో అర్థమైన క్షణాన్ని చూసినవారికి ఆ జ్ఞానం మీద ఆశ పుడుతుంది. లెక్కలు, సైన్సు చెప్పేవారికి ఆ క్షణం ఎంత స్పష్టంగా కనిపిస్తుందో మరే సబ్జెక్టు చెప్పేవారికీ కనిపించకపోవచ్చు. ఈ వృత్తిలోకి లాగే శక్తుల్లో అన్నిటికన్నా బలమైనది ఇదేనని చెప్పడానికి సంకోచించనక్కర లేదు.

అమ్మాయిల విషయంలో మరొక పొర ఉంది. బడి వేళలు, సెలవులు, సొంత జిల్లాలోనే నియామకం, పెళ్లయ్యాక కూడా అత్తింటివారు కాదనని ఉద్యోగమన్న పేరు, ఇవన్నీ తల్లిదండ్రులను ఒప్పిస్తాయి. బి.జడ్.సి. చదివి పరిశోధన వైపు పోవాలనుకున్న కూతురిని హైదరాబాదు పంపడానికి జంకే ఇల్లు బి.ఎడ్.కు మాత్రం సరే అంటుంది. ఇది స్వేచ్ఛగా చేసిన ఎంపికా, ఉన్న హద్దుల్లో దొరికిన ఎంపికా అన్న ప్రశ్నను దాటవేయకూడదు. ఆ హద్దుల్లోనే చేరినవారు ఆ తరువాత ఊరి ఆడపిల్లలకు సైన్సు చదివిన మొదటి మహిళగా కనిపిస్తారన్నదీ మరిచిపోకూడదు.

ఇంత జాగ్రత్తగా మొలకెత్తిన కోరికతో ప్రభుత్వాలు వ్యవహరించిన తీరు మాత్రం బాధ కలిగిస్తుంది. ప్రత్యేక రాష్ట్రం వచ్చాక తొలి ఉపాధ్యాయ నియామక ప్రకటన 2017లో 8,792 పోస్టులతో వెలువడింది. 2023లో 5,089 పోస్టులతో ఇచ్చిన ప్రకటనను రద్దు చేసి, 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతో కొత్తది ఇచ్చారు. అందులో స్కూల్ అసిస్టెంట్లు 2,629 మంది. మధ్యలో గురుకులాలకు నియామకాలు జరిగినా, జిల్లా పరిషత్ బడుల కోసం ఎదురుచూసినవారికి 2017, 2024 ప్రకటనల నడుమ ఆరేళ్లకు పైగా గడిచిపోయాయి. ఆ ఏళ్లలో కొందరు ప్రైవేటు బడుల్లో కొద్దిపాటి జీతానికి కుదిరారు, కొందరు హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్ కోచింగు కేంద్రాల చుట్టూ తిరిగారు, కొందరు ఆ ఆశే వదులుకున్నారు. నష్టం వారితో ఆగలేదు. లెక్కల సారు లేని బడిలో చదివిన పిల్లలు లెక్కల సారు కావాలని కోరుకోలేరు గనుక, ఖాళీ పోస్టు పదిహేనేళ్ల తరువాతి ఉపాధ్యాయుణ్ణి కూడా లేకుండా చేస్తుంది.

ఎంపిక పరీక్షలోనూ ఒక లోపం ఉంది. 2024 డీఎస్సీలో స్కూల్ అసిస్టెంటు పరీక్ష 160 ప్రశ్నలకు 80 మార్కులు. అందులో సబ్జెక్టుకు 44, బోధన పద్ధతులకు 16, విద్యా దృక్పథాలకు 10, జనరల్ నాలెడ్జికి 10 కాగా, మిగిలిన 20 మార్కులు టెట్ నుంచి వచ్చాయి. అభ్యర్థి ఒక తరగతి ముందు నిలబడి భిన్నాల పాఠం చెబుతుండగా చూసినవారు ఈ వంద మార్కుల్లో ఎక్కడా లేరు. బోధన పద్ధతులను కూడా నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించడంగా మార్చేశారు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిషు మీడియం ప్రవేశపెట్టి, ఒకే పుస్తకంలో రెండు భాషలూ పక్కపక్కనే అచ్చువేశాక, క.సా.గు.నూ ఎల్.సి.ఎం.నూ ఒకే పీరియడులో పిల్లలకు ఒకటిగా చేసి చూపగల నేర్పు మరింత అవసరమైంది. ఆ నేర్పు తరగతి గదిలో తప్ప ఓఎంఆర్ పత్రం మీదా, కంప్యూటరు తెర మీదా తేలేది కాదు.

బి.ఎడ్.లో ఇరవై వారాల పాఠశాల అనుభవం తప్పనిసరి గాని, అది డిగ్రీ ముగిసి, దారి నిర్ణయమైపోయాక వస్తుంది. మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ సబ్జెక్టునూ బోధననూ కలిపి నాలుగేళ్ల బి.ఎస్సీ.ఎడ్. కోర్సును ఎంతో కాలం నడిపింది. టెక్సాస్ విశ్వవిద్యాలయం 1997లో ప్రారంభించిన యూటీచ్ కార్యక్రమం గణిత, విజ్ఞాన శాస్త్ర విద్యార్థులను డిగ్రీ తొలినాళ్లలోనే చిన్న తరగతుల ముందు నిలబెట్టి, ఈ పని తమకు నచ్చుతుందో లేదో వారినే తేల్చుకోనిస్తుంది. నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం తమ పరిధిలోని సైన్సు విద్యార్థులకు ఇటువంటి అవకాశం కల్పించడానికి కొత్త భవనాలు గాని, పెద్ద నిధులు గాని అక్కర లేదు. కోరుకున్న విద్యార్థి వారానికి ఒక పూట దగ్గరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుడి వెంట ఉండి ఆరు, ఏడు తరగతుల పిల్లలకు లెక్కలో సైన్సో చెప్పి, దానికి క్రెడిట్లు పొందే ఏర్పాటు చాలు. ఈ రెండు విశ్వవిద్యాలయాలూ, జిల్లా విద్యాశాఖాధికారులూ కలిసి కూర్చుని వచ్చే విద్యా సంవత్సరానికే దీన్ని ప్రారంభించాలి. రాష్ట్ర ప్రభుత్వం ఏటా ఖాళీలను లెక్కగట్టి, ఏటా డీఎస్సీ ప్రకటించాలి.