తన ముద్రకు తానే సాక్షి

1982లో ఎస్‌.ఎం.టి.పి. అను ఈమెయిలు నియమములు ప్రకటింపబడిననాడు, ఉత్తరములు కంప్యూటరునుండి కంప్యూటరునకు పోస్టుకార్డువలె బట్టబయలుగా పోవుచుండెడివి. వాటిని గూఢలిపిలో పంపు ఏర్పాటు 1999లో ఆ నియమములకు చేర్చబడినది. దీనికి సర్వరువద్ద ఒక ధ్రువపత్రము కావలెను. సొంత ఈమెయిలు సర్వరు నడుపుకొనువారు కొందరు ఆ పత్రముపై తామే సంతకము చేసికొందురు. ఇది బొత్తిగా పనికిరాదని కొందరు, గూఢలిపి యున్నది గనుక ఇదియే చాలునని మరికొందరు వాదింతురు. ఈ రెండు వాదములును సగము సత్యములే.

సర్వరుకు రెండు కీలకములుండును. ఒకటి రహస్యము, రెండవది బహిరంగము. “ఈ బహిరంగ కీలకము ఫలానా సర్వరుది” అని తెలుపునదే ధ్రువపత్రము. సాధారణముగా దానిపై ఒక ధ్రువీకరణ సంస్థ సంతకము చేయును. సంతకము ఎవరిదైనను గూఢలిపి బలము మారదు. 2048 బిట్ల కీలకము రెండుచోట్లను 2048 బిట్లదే. దారిలో పొంచి వినువానికి ఏమియు బోధపడదు. కావున మొదటి వాదము నిలువదు.

రెండవ వాదము మరింత ప్రమాదకరము. లక్కముద్ర వేసిన కవరు ఒకటి చేరినదనుకొందము. ముద్ర చెదరలేదు. కాని అది ఎవరి ముద్రయో ఎరుగనిచో, నడుమ నొకడు కవరు విప్పి, చదివి, తన ముద్ర వేసి పంపినను తెలియదు. అట్లే నడుమ చేరిన మోసగాడు తన ధ్రువపత్రమును చూపి, పాస్‌వర్డును కాజేయగలడు. అప్పుడు తెరపై హెచ్చరిక వచ్చును. అట్టి హెచ్చరికలకు అలవాటుపడిన యజమాని చదువకయే అంగీకరించును. దోషము గణితములో లేదు. ఈ అలవాటులోనే యున్నది.

దీనికి విరుగుడు కలదు. ప్రతి ధ్రువపత్రమునకును “వేలిముద్ర” యనబడు సంఖ్య యుండును. ఎస్‌.హెచ్‌.ఏ.-256 పద్ధతిలో ఇది 256 బిట్లు, అనగా పదహారు మూలముగా వ్రాసినచో 64 అంకెలు. యజమాని దానిని సర్వరువద్దనే వ్రాసికొని, ఫోనులో మొదటిసారి కనబడిన దానితో పోల్చి, సరిపోయినపుడే అంగీకరింపవలెను. పత్రమును తాను మార్చకుండగనే మరల హెచ్చరిక వచ్చినచో, అది నిజమైన అపాయసూచన.

సంస్థల సాక్ష్యమును తప్పులేనిది కాదు. 2011లో నెదర్లాండ్సులోని డిజినోటార్ సంస్థలో దుండగులు చొరబడి 500కు పైగా దొంగ ధ్రువపత్రములు పుట్టించిరి. గూగుల్ పేరిట పుట్టించిన పత్రము ఇరానులోని ప్రజలపై ప్రయోగింపబడెను. ఆ యేడే సంస్థ దివాలా తీసెను.

ఐనను పదిమంది వాడు సర్వరుకు స్వయంకృత పత్రము తగదు. అందరును 64 అంకెలు పోల్చిచూతురని ఆశింపరాదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015నుండి ఉచితముగా ధ్రువపత్రము లిచ్చుచుండగా, ఖర్చు అను సాకు కూడ చెల్లదు. ఒంటరి యజమానికి మాత్రము స్వయంకృత పత్రము చాలును. ఐతే వేలిముద్రను పోల్చిచూచు ఓపిక ఉండవలెను. ఆ ఓపిక లేనివాడు తలుపునకు తాళము వేసి, తాళపుచెవిని అపరిచితుని చేత పెట్టినవాడే యగును.